గ్లాసుడు పంచదార

సాయంత్రం దీపాలు పెట్టాక మా వీధిలో ఉప్పు పుట్టేది కాదు. కొట్టుకెళ్తే దొరుకుతుంది గానీ పక్కింట్లో దొరకదు. ఉప్పే కాదు, పాలల్లోకి తోడు, నూనె, సూది కూడా ఆ వేళప్పుడు గడప దాటేవి కావు. శుక్రవారమైతే డబ్బు అసలే దాటదు. లక్ష్మి వెళ్లిపోతుందని భయం. ఇవన్నీ విని మా వీధివాళ్లు పిసినిగొట్లనుకునేరు. నాకు తోచేది వేరు. తెల్లారి లేచింది మొదలు వస్తువులు ఇంటింటికీ అంతగా తిరిగేవి కాబట్టే, కాసేపన్నా వాటిని ఆపడానికి ఒక కట్టుబాటు కావలసి వచ్చింది. ఎవరూ ఎవర్నీ ఏమీ అడగని చోట, ఇవ్వకూడని వేళ అంటూ ఒకటి ఎందుకుంటుంది?

తెనాలి చెంచుపేటలో మేముండేది వాటా ఇల్లు. ముందు భాగంలో ఇంటివాళ్లు, వెనకా పక్కా ఉన్న వాటాల్లో అద్దెకున్నవాళ్లం. పెరట్లో అందరికీ కలిపి ఒకటే కుళాయి, ఒకటే రుబ్బురోలు, బట్టలుతికే బండ ఒకటే. నేను చెప్పేది డెబ్బైల చివర నుంచి ఎనభైల మధ్యదాకా సంగతి. మా నాన్నగారు తాలూకా ఆఫీసులో గుమాస్తా. అప్పటికింకా మండలాలు రాలేదు, అవి 1985లో వచ్చాయి. వాటాల్లో ఆడవాళ్లెవరికీ సొంత పేర్లుండేవి కావు. పోస్టాఫీసు పిన్నిగారు, బ్యాంకు అత్తయ్యగారు, మేష్టారింటి మామ్మగారు. పోస్టాఫీసులో పనిచేసేది ఆయనైతే పిన్నిగారికి ఆ పేరెందుకొచ్చిందని మా పిల్లల్లో ఎవరికీ సందేహం రాలేదు.

అన్నిటికంటే ఎక్కువ తిరిగేది పంచదార. రేషన్ కార్డు మీద కోటా పంచదార నెలకోసారి వచ్చేది. విడిగా బజార్లో కొనాలంటే ధర మండిపోయేది. అందుకని నెలాఖరుకి ప్రతి ఇంట్లోనూ డబ్బా అడుగు కనబడేది, అదీ సరిగ్గా చుట్టాలు దిగే వేళకి. "అమ్మ గ్లాసుడు పంచదార ఇమ్మంది" అని పక్క వాటాకి పరిగెత్తడం మా ఉద్యోగం.

ఆ గ్లాసు కొలత గురించి కాస్త చెప్పాలి. దేశంలో కిలోల తూకాలు 1958 నుంచి మొదలయ్యాయి. మా కాలానికి కొట్లన్నీ వాటికి అలవాటు పడిపోయాయి కూడా. వంటిళ్లు మాత్రం అంత తొందరపడలేదు. మేష్టారింటి మామ్మగారు ఎసట్లో పోసే బియ్యం ఇత్తడి సోలతోనే కొలిచేవారు. సోల, తవ్వ, మానిక అంటూ ఆవిడ నోట్లో లెక్కలు గబగబా నడిచేవి. చేబదుళ్లకి మాత్రం అందరిదీ స్టీలు గ్లాసే. అంచుకి అరచెయ్యి రాసి, తలకొట్టి ఇచ్చేవాళ్లు కొందరు. పైన శిఖరం నిలిచేలా పోసి ఇచ్చేవాళ్లు కొందరు. మనకి తలకొట్టిన గ్లాసు వచ్చినా సరే, తిరిగి ఇచ్చేటప్పుడు శిఖరం ఉండి తీరాలి. ఇది మా అమ్మ పెట్టిన రూలు. ఆ శిఖరం ఒలక్కుండా పెరడు దాటించడం మా నేర్పు. దారిలో కొంత నోట్లోకి పోయేది. అమ్మ దాన్ని కూడా లెక్కేసుకునే పోసేదని నా అనుమానం.

ఇంకో రూలు, ఖాళీ గిన్నె తిరిగి పంపకూడదు. వాళ్లు పులిహోర పంపిన గిన్నెలో మనం నాలుగు పచ్చిమిరపకాయలో, ఓ బెల్లంముక్కో, రెండు రెబ్బల కరివేపాకో వేసి పంపాలి. ఏమీ లేనినాడు చిటికెడు పంచదారైనా సరే. దాంతో ఏమయ్యేదంటే, ఎవరి బాకీ ఎప్పటికీ పూర్తిగా తీరేది కాదు. తీరిపోవడం ఎవరికీ ఇష్టమూ లేదు.

అడగడానికి ఎప్పుడూ పిల్లల్నే పంపేవారు. అది పెద్దవాళ్ల బద్ధకం అనుకునేవాణ్ని అప్పట్లో. పెద్దవాళ్లు ఎదురెదురుగా నిలబడి అడిగితే, లేదనాల్సి వచ్చినప్పుడు ఇద్దరి ముఖాలూ మాడతాయి. పిల్లాడితో లేదంటే అది లేదన్నట్టు కాదు. "అయ్యో నాన్నా, ఇప్పుడే అయిపోయింది. సాయంత్రం బాబాయిగారు తెస్తారు, అప్పుడు నేనే పంపిస్తానని చెప్పు" అనేవారు పోస్టాఫీసు పిన్నిగారు. నిజంగా అయిపోయిందో, మా వంతు ఈ నెలకి దాటిపోయిందో ఆవిడ కళ్లు చూస్తే తెలిసేది. ఇంటికొచ్చి అమ్మకి ఆ మాట యథాతథంగా చెబితే, అమ్మ మాటని వదిలేసి, "ఎలా అంది?" అని అడిగేది. చెప్పే తీరు కూడా మోసుకురావాలన్నమాట. మనుషుల ముఖాలు చదవడంలో నాకేమన్నా ప్రవేశం ఉంటే అది ఆ పెరట్లో అబ్బిందే. తర్వాత నేను చేసిన ఉద్యోగంలో ఫైళ్లకంటే అదే ఎక్కువ అక్కరకొచ్చింది.

గిన్నెలు ఇంతలా తిరుగుతాయి కాబట్టే వాటిమీద పేర్లు. స్టీలు సామాన్ల కొట్లో గిన్నె కొంటే అక్కడే పేరు కొట్టి ఇచ్చేవారు. కుర్రాడి చేతిలో కరెంటు మిషను, దాని సూది టకటకమని ఆడుతూ ఉంటే స్టీలు మీద చుక్క చుక్కగా అక్షరాలు లేచేవి. పెన్సిలు గీత కూడా పెట్టుకోకుండా, ఎడంచేత్తో గిన్నెని తిప్పుకుంటూ అంచు చుట్టూ రాసేసేవాడు. వత్తులూ గుడులూ చిన్నవైపోయి, పొట్ట చీల్చని అక్షరాలు కొన్ని మిగిలిపోయేవి. అయినా ఎవరిదో పోల్చుకోవడానికి చాలు. పెళ్లి సామానైతే తేదీ కూడా వేయించేవాళ్లు. పుట్టింటి ఇంటిపేరు పెట్టాలా, అత్తింటిదా అని కొట్టు గుమ్మంలోనే చర్చ నడిచేది. మా ఇంట్లో అన్నిటి మీదా అమ్మ పేరే. నాన్నగారి పేరు ఇంటి గోడమీద కూడా లేదు, అద్దిల్లు కదా. ఆ లెక్కన మా ఆస్తి యావత్తూ అమ్మదే. ఇప్పటికీ మా వంటింట్లో ఒక లోతు గిన్నె మీద మాకు ఏ సంబంధమూ లేని ఇంటిపేరు ఉంది. దానికి బదులుగా మా గిన్నె ఏ ఊళ్లో ఏ పప్పు ఉడికిస్తోందో తెలీదు.

మామ్మగారి చిన్నతనంలో నిప్పు కూడా అడిగి తెచ్చుకునేవారట. పక్కింటి పొయ్యిలోంచి ఓ కణిక తీసి పిడకముక్క మీద పెట్టుకుని, ఊదుకుంటూ ఇంటికి నడిచేవారట. మా రోజులకి అది స్టవ్ పిన్నుగా మారింది. పంపు స్టవ్ వాడని వాళ్లకి పిన్ను సంగతి తెలీదు. ఇత్తడి ట్యాంకులో కిరసనాయిలు, పక్కన పంపు, పైన బర్నరు. బర్నరు మధ్యలో కిరసనాయిలు చిమ్మే రంధ్రం వెంట్రుక పట్టేంత. అందులో మసి అడ్డం పడిందంటే గుయ్యిమనే నీలిమంట చచ్చిపోయి, ఎర్రమంటా, దాని వెనక నల్లపొగా లేస్తాయి. అప్పుడు కావాలి పిన్ను. రేకుముక్క చివర అంగుళం లేని సన్నతీగ, అంతే. కొనబోతే చవకే గానీ, అవసరానికి ఏ ఇంట్లోనూ కనబడదు. గుచ్చేటప్పుడు తీగ లోపల విరిగిందా, గొడవ పెద్దదవుతుంది. అందుకని బ్యాంకు అత్తయ్యగారు పిన్ను ఎప్పుడూ చేతికిచ్చేవారు కాదు. పిన్నుతోపాటు తనూ వచ్చేవారు. "నువ్వుండమ్మా, నేను గుచ్చుతా" అని పీటమీద కూర్చుని, కళ్లజోడు సవరించుకుని గుచ్చి, పంపు కొట్టి వెలిగించి, ఆ స్టవ్ మీద కాచిన కాఫీ తాగి వెళ్లేవారు. ఆ కాఫీ వేళ అమ్మా, ఆవిడా ఏం మాట్లాడుకున్నారో ఒక్కటీ గుర్తులేదు. ఆవిడ పిన్ను తిరిగి కొంగున గుచ్చుకోవడం మాత్రం బాగా గుర్తుంది.

వత్తుల స్టవ్‌లొచ్చి పిన్ను బాధ తప్పించాయి. గ్యాసు కోసం పేరు రాయించుకున్నవాళ్లు ఏళ్ల తరబడి కాచుకున్నారు. తీరా వచ్చాక ఇంటికి ఒక్క బండే. అది అయిపోతే కొత్తది వచ్చేదాకా మళ్లీ కిరసనాయిలే గతి. రెండో బండ ఉన్నవాళ్లు వీధి మొత్తానికి ఒక్కరు. నిండు బండ, లోపలి పద్నాలుగు కిలోల గ్యాసుతో కలిపి ముప్ఫై కిలోల దాకా తూగుతుంది. దాన్ని సిమెంటు రోడ్డుమీద దొర్లించుకొస్తుంటే, ఎవరింట్లో గ్యాసైపోయిందో ఊరందరికీ చాటింపు వేసినట్టే.

వారపత్రికల దగ్గర ఇంకాస్త పద్ధతిగా ఉండేది వ్యవహారం. ఆంధ్రప్రభ ఒకరు, ఆంధ్రజ్యోతి ఒకరు, ఆంధ్రభూమి ఒకరు కొనాలి. కొన్నవాళ్లకి మొదటి రోజు హక్కు. ఆ తర్వాత పెద్దరికాన్ని బట్టి. యండమూరి తులసిదళం ఆంధ్రభూమిలో సీరియల్‌గా వస్తున్నప్పుడు ఈ కట్టుబాటు బద్దలైంది. ఆ సంచిక వచ్చిన సాయంత్రం పోస్టాఫీసు పిన్నిగారు గుమ్మంలో నిలబడే చదివేసి, రాత్రికి లైటు తీయనివ్వలేదని బాబాయిగారు మర్నాడు కుళాయి దగ్గర అందరికీ చెప్పారు. చదివినవాళ్లు తర్వాతివాళ్లకి కథ చెప్పకూడదనే నియమం ఉండేది గానీ, దాన్ని ఒక్కరు పాటించిన పాపాన పోలేదు. ఏడాది చివర్లో సీరియల్ కాయితాలన్నీ చింపి, దబ్బనంతో కుట్టి, పాత క్యాలెండరు అట్ట వేసేవాళ్లం. ఆ పుస్తకం ఎవరిదని అడిగితే చెప్పడం కష్టం.

ఫోను మాత్రం ఇంటివాళ్లకే ఉండేది. మాది పి.పి. నంబరు. ఈ మాట నలభై ఏళ్లలోపు వాళ్లకి తెలిసే అవకాశం లేదు. శుభలేఖల మీద, ఉద్యోగ దరఖాస్తుల మీద, చుట్టాల డైరీల్లో మా పేరు పక్కన వాళ్ల నంబరు వేసి ముందు పి.పి. అని రాసేవాళ్లం. ఫోనొస్తే ఇంటివాళ్ల పెద్దమ్మగారు ఎత్తి, "పది నిమిషాలాగి చెయ్యండి, పిలిపిస్తాను" అనేవారు. వాళ్లబ్బాయి వచ్చి మాకు చెప్పేవాడు. అమ్మ చీర కుచ్చిళ్లు సర్దుకుని, నాన్నగారు చొక్కా తొడుక్కుని, వాళ్ల హాల్లో ఫోను పక్కన చెక్కకుర్చీల్లో కూర్చునేవారు. అది మోగేలోపు పెద్దమ్మగారు మంచినీళ్లిచ్చేవారు.

ఒకరి హాల్లో కూర్చుని మన ఇంటి సంగతులు మాట్లాడటం ఎలాంటిదో ఊహించండి. అక్క పెళ్లయి సికింద్రాబాదు వెళ్లాక తన ఫోన్లన్నీ అక్కడికే వచ్చేవి. అటువైపు వాళ్లత్తగారు వింటూ ఉంటారు. ఇటువైపు పెద్దమ్మగారి కుటుంబం. "బానే ఉన్నానమ్మా" అనేది అక్క. అమ్మ ఇంటికొచ్చి ఆ ఒక్కమాట మీద సాయంత్రమంతా ఆలోచించేది. "బానే" అని గబుక్కున అంటే నిజంగానే బావున్నట్టు. "బా...నే" అని లాగిందంటే నాన్నగారు ఆ ఆదివారం గోల్కొండ ఎక్స్‌ప్రెస్‌కి బయల్దేరాల్సిందే. ఇద్దరి మధ్యా అన్నేళ్లలో కష్టం అన్న మాటే దొర్లలేదు ఫోన్లో. అయినా అమ్మకి తెలియనిదంటూ లేదు. పెద్దమ్మగారికీ తెలుసు. ఆవిడ ఒక్కసారీ అడగలేదు.

మా తాతగారు పోయిన కబురు కూడా ఆ ఫోనుకే వచ్చింది. మామూలుగా అయితే అబ్బాయి రావాలి. ఆ రోజు ఆవిడే వచ్చారు. నాన్నగారు పీటమీద కూర్చుని అన్నం తింటున్నారు. ఆవిడ గుమ్మంలోంచి చూసి, ఆగి, లోపలికొచ్చి గడప పక్కన గోడకానుకుని కూర్చున్నారు. "ఏంటి పెద్దమ్మగారూ, ఈ వేళప్పుడు" అంది అమ్మ. "ఏం లేదమ్మా, ఊరికే" అన్నారావిడ. మజ్జిగ పులుస్తున్నాయా అని అడిగారు. రోలు దగ్గర నాచు పట్టింది, పిల్లలు జారతారు, రేపు గీయించాలి అన్నారు. నాన్నగారు మజ్జిగన్నం తిని, పెరట్లో చెయ్యి కడుక్కుని, తువాలుతో తుడుచుకుంటూ లోపలికొచ్చాక అప్పుడు చెప్పారు. అది శుక్రవారం. వీధిలో దీపాలు పెట్టేసి చాలాసేపయింది. ఆవిడ కొంగుముడి విప్పి, నోట్లు తీసి అమ్మ చేతిలో పెట్టి, "ఆఖరి బస్సు అందుకోండి, పిల్లలు మా దగ్గర పడుకుంటారు" అన్నారు.

ఇంతా చెప్పాక, ఆ రోజులే బంగారం అని నేనంటానని చూస్తున్నారేమో. అనను. వాటా అద్దెకిచ్చేముందు "మీరు మనవాళ్లేనా" అని అడిగాకే ఇంటివాళ్లు తాళం చేతికిచ్చేవారు. పంచదార గ్లాసు పెరడంతా చుట్టి వచ్చేది గానీ, ఆ పెరడు ఊడ్చి మా అంట్లు తోమే మనిషి దగ్గరికి వచ్చేసరికి దాని దారి మారేది. ఆమె తన గిన్నె తనే తెచ్చుకోవాలి. పైనుంచి పోసేవాళ్లు, అంచుకి అంచు తగలకుండా. ఆమె తీసుకుంటే దాన్ని చేబదులు అనేవారు కాదు, అప్పు అనేవారు, జీతంలో విరిచేవారు. ఆ రోజుల మీద ముచ్చటపడుతూ ఎవరన్నా మాట్లాడుతుంటే నాకు ఆ గిన్నె గుర్తొచ్చి సగంలో లేచి వెళ్లాలనిపిస్తుంది.

పైగా అడగడంలో ఆరా ఉండేది. రెండు గ్లాసులు పంచదార కావాలంటే ఎవరొచ్చారు, ఎన్నాళ్లుంటారు, పెళ్లిచూపులా? అన్నిటికీ జవాబు చెప్పాలి. గ్లాసు ఊరికే నిండదు. కొన్నాళ్లు మాతో ఉన్న ఒక కుటుంబంవాళ్లు అడిగిందే అడిగి, ఇచ్చింది మరిచిపోయేవారు. ఆ ఇల్లాలి చెప్పుల చప్పుడు వినబడితే వాటాల్లో వరసగా డబ్బాల మూతలు పడేవి. "అరువు సొమ్ము బరువు చేటు" అని సణుగుతూనే అమ్మ మూత తీసేది. ఎవరు ఎంత ఇచ్చారు, ఎవరికి ఎంత ఇవ్వాలి, ఏ గిన్నె ఎవరింట్లో ఉంది, ఈ పద్దంతా ఆడవాళ్ల బుర్రల్లోనే నడిచేది. ఇంత పని చేస్తున్నారని మగవాళ్లెవరూ గుర్తించినట్టు లేదు.

మగవాళ్లు అడిగేది ఒక్కటే, డబ్బు. నెల ఇరవై అయిదు దాటాక నాన్నగారు చీటీ మడిచి నా చేతికిచ్చి బ్యాంకు మామయ్యగారింటికి పంపేవారు. నోటు లేదు, వడ్డీ లేదు, సాక్షి లేడు. ఒకటో తారీఖు సాయంత్రం ఆ డబ్బు కవర్లో పెట్టి మళ్లీ నాతోనే పంపేవారు. వాళ్లిద్దరూ రోజూ కుళాయి దగ్గర పేపరు గురించి మాట్లాడుకునేవారు. ఆ డబ్బు ప్రస్తావన ఒకరి నోట ఒకరు విని ఎరగరు. నాన్నగారు స్వయంగా వెళ్లి ఒక్కసారి అడిగి ఉంటే నాకు తెలిసేది. చచ్చినా అడగరు. ఆయనకి అదొక పరువు.

ఆ పోలిక నాకూ వచ్చింది. హైదరాబాదులో ఉద్యోగానికి చేరి చిక్కడపల్లిలో గది తీసుకున్న కొత్తలో పక్క గదుల్లో ఎవరినీ ఏదీ అడిగేవాణ్ని కాదు. బకెట్టు పగిలితే కొనుక్కొచ్చుకున్నాను. జ్వరమొస్తే పడుకున్నాను. అమ్మ చూడ్డానికొచ్చి, వచ్చిన గంటకే నాకు పేరు కూడా తెలియని ఎదురు గదివాళ్ల దగ్గర పట్టకారు తెచ్చింది. "కొనొచ్చుగా, పది రూపాయలు" అన్నాను కాస్త చిరాగ్గా. "మనం అడక్కపోతే వాళ్లెలా అడుగుతార్రా మనల్ని?" అంది, ఎసరు దించుతూ. ఆ మాట నాకు అప్పుడు ఎక్కలేదు. ఆ వారంలోనే ఎదురు గదబ్బాయి వచ్చి ఇస్త్రీపెట్టె ఉందా అని అడిగాడు. తర్వాత వాడే నన్ను ఆస్పత్రిలో చేర్చాడు, వాడి చెల్లెలి పెళ్లికి నేను సామాన్లు మోశాను, ఇప్పటికీ సంక్రాంతికి ఫోను చేసుకుంటాం. ఇచ్చే గుణం చాలామందికి ఉంటుంది. చెయ్యి చాచి, అవతలివాళ్లకి ఇచ్చే అవకాశం ఇవ్వడమే కొందరికి ఆలస్యంగా వస్తుంది, నాకు వచ్చినట్టు.

ఇవన్నీ ఎలా పోయాయి? మనుషులు మారిపోయారు, మనసులు ఇరుకయ్యాయి అనడం తేలిక. ఆ మాట నాకు నమ్మబుద్ధి కాదు. ఫ్రిజ్‌నే తీసుకోండి. ముందుగా బ్యాంకు అత్తయ్యగారింట్లోకి వచ్చింది. వచ్చిన కొత్తలో అది అందరిదీ. మామ్మగారి ఇన్సులిన్ సీసా అందులో, మా ఇడ్లీపిండి అందులో, వేసవిలో చుట్టాలొస్తే ఐసుముక్కలు అందులోంచే. 1987లో ఆదివారం పొద్దున్నే వాళ్లింట్లో టీవీలో రామాయణం చూడ్డానికి వెళ్లినవాళ్లం, వచ్చేటప్పుడు పిండిగిన్నె కూడా తెచ్చుకునేవాళ్లం. తర్వాత ఒక్కొక్కరికీ ఫ్రిజ్ వచ్చింది. దాంతో తోడు అడగాల్సిన పని పోయింది. వడ్లమూడి సంగం డెయిరీ ప్యాకెట్లొచ్చి పాలు అడిగే పని తగ్గింది. రెండో బండ వచ్చి దొర్లించే చప్పుడు ఆగింది. 1999లో దీపం పథకంతో పల్లెల్లో కట్టెలపొయ్యిల ముందు కళ్లు పోగొట్టుకుంటున్న ఆడవాళ్లకి కూడా గ్యాసొచ్చింది, దానికి ఎవరన్నా బాధపడతారా? ఎస్టీడీ బూత్‌లు, ఆపైన సెల్‌ఫోన్లు వచ్చి పి.పి. నంబర్లు చెరిపేశాయి. అక్క ఇప్పుడు తన గదిలో తలుపేసుకుని అమ్మతో గంటసేపు మాట్లాడుతుంది. "బానే" అన్నమాట లాగాల్సిన అవసరం లేదు. ఒక్కొక్క వస్తువూ ఒక్కొక్క కష్టాన్ని తీర్చింది. కష్టంతోపాటు పక్కింటి తలుపు తట్టడానికున్న సాకునీ పట్టుకుపోయింది. స్టవ్ పిన్ను కావాలా అమ్మా అని అడిగితే, ఆవిడ చేతులెత్తి దండం పెడుతుంది.

ఇప్పుడు మేముండేది హైదరాబాదు నిజాంపేటలో, నాలుగో అంతస్తు. ఎనభై దాటిన అమ్మ మా దగ్గరే ఉంటోంది. పక్క ఫ్లాట్లో నాగపూర్ నుంచి వచ్చిన జంట, ఇద్దరూ కంప్యూటర్ ఉద్యోగులు. మొన్న వర్షాకాలంలో ఓ సాయంత్రం ఆ అమ్మాయి తలుపు తట్టింది. ఇంటికి ఎవరో వచ్చారట, పంచదార లేదట, ఆ యాప్ వాడు వానకి ఆర్డర్లు ఆపేశాడట. ఇదంతా హిందీలో, మొహమాటంతో సగం సగం. అమ్మకి హిందీ రాదు. పంచదార అర్థం కావడానికి హిందీ రానక్కర్లేదు. లోపలికెళ్లి, గ్లాసు నిండా, పైన శిఖరం పెట్టి తెచ్చింది. ఆ అమ్మాయి దాన్ని రెండు చేతులా పట్టుకుని మెల్లగా నడుచుకుంటూ వెళ్లింది.

మర్నాడు పొద్దున్న డెలివరీ కుర్రాడొచ్చి మా పేరున ఒక ప్యాకెట్టు ఇచ్చి వెళ్లాడు. కిలో పంచదార. దాంతోపాటు మా గ్లాసు ఆ అమ్మాయే తలుపు పక్కన పెట్టి వెళ్లింది, తళతళా తోమి, ఖాళీగా. అమ్మ ప్యాకెట్టు వంకా, గ్లాసు వంకా చూసింది. "గ్లాసుకి కిలోనా? ఇదేంటి, మనతో తెగతెంపులు చేసుకుంటోందా?" అంది.

"పాపం, మర్యాద అనుకుని పంపి ఉంటుందమ్మా."

"మర్యాదే, ఎవరు కాదన్నారు?" అని ప్యాకెట్టు కత్తిరించి, ఒక గ్లాసు కొలిచి మా డబ్బాలో పోసుకుంది. మిగిలింది ఒక స్టీలు డబ్బాలో వేసి మూత పెట్టింది. "ఇచ్చిరా. డబ్బా తర్వాత తీసుకుంటానని చెప్పు. తొందరేం లేదని చెప్పు."

అరవయ్యేళ్ల పిల్లాణ్ని, డబ్బా పట్టుకుని వెళ్లాను. నాకొచ్చిన హిందీలో విషయం చెప్పేసరికి ఆ అమ్మాయి మొదట కంగారుపడింది, తర్వాత నవ్వింది. డబ్బా తీసుకుంది. లోపల స్టవ్ మీద టీ మరుగుతున్నట్టుంది. ఒక్క క్షణం ఆగి, ఆంటీ దగ్గర అల్లం ఉంటుందా అంకుల్ అని అడిగింది.

వచ్చి అమ్మకి చెప్పాను. ఫ్రిజ్ వెతికింది. లేదు. "లేదని చెప్పనా?" అన్నాను. నావంక అదోలా చూసి, చిన్న గిన్నె ఒకటి నా చేతిలో పెట్టి ఎదురింటికి పంపింది.